ఎగరని రోజు

"నువ్వైనా చెప్పవే దానికి! నా మాట వినటం మానేసి ఏడాదైంది" అంది మా అక్క ఫోనులో. అంటూనే ఏడ్చేసింది.

విషయం ఏమిటంటే, పిల్లని ఎమ్మెస్ చదువుకోమని అమెరికా పంపింది. అది చదువుతూనే ఉంది, మార్కులకేం లోటు లేదు. కానీ శని, ఆదివారాలు గ్లైడర్ నడపటం నేర్చుకుంటోందిట. గ్లైడర్ అంటే ఇంజను లేని విమానం. "ఇంజను ఉన్నవాటినే నమ్మలేక చస్తుంటే, లేనిదాంట్లో ఎక్కటమేమిటే? బతికుంటే బలుసాకు తినొచ్చు, దీనికెందుకీ సరదా?" అని అక్క గోల.

2023 అక్టోబరులో ఒక సాహిత్య సభకని నేను అమెరికా వెళ్ళాను. సభ అయ్యాక నాలుగు రోజులు పిల్ల దగ్గర ఉండేటట్టు, దానికి బుద్ధి చెప్పి వచ్చేటట్టు అక్కకి మాటిచ్చాను. నవలలు రాసేదాన్ని కదా, నలుగురికీ బుద్ధులు చెప్పటం నా వృత్తిలో భాగమేనని మా అక్క అభిప్రాయం.

పిల్ల ఉండేది పెన్సిల్వేనియా రాష్ట్రంలో స్టేట్ కాలేజ్ అనే ఊళ్ళో. చూశారా, ఊరి పేరే కాలేజీ! ఆ ఊరికి కాస్త ఎడంగా పొడుగ్గా, గోడ కట్టినట్టు ఒక గుట్ట ఉంది. దాని పేరు బాల్డ్ ఈగిల్. బట్టతల గద్ద అని నవ్వుకున్నాను గానీ, బట్టతల కాదు, తల తెల్లగా ఉండే గద్దట. అపలేచియన్ కొండల్లో పడమటి అంచున ఉన్న వరుస అది. నైరుతి నుంచి ఈశాన్యానికి సాగిపోతుంది. అటువంటి వరుసలే ఒకదాని తరవాత ఒకటి దక్షిణాన వందల మైళ్ళు వెళతాయి. వాయవ్యం నుంచి గాలి వీచిన రోజున ఈ గుట్ట గ్లైడర్లకి రహదారి. 1977లో కార్ల్ స్ట్రీడెక్ అనే ఆయన ఈ కొండల వెంట వెళ్ళి, తిరిగి బయలుదేరిన చోటికే వచ్చాడు. మొత్తం 1600 కిలోమీటర్లు దాటింది. సుమారుగా హైదరాబాదు నుంచి ఢిల్లీకి ఉన్న రోడ్డు దూరమంత. ఒక్క రోజులో, ఒక్క చుక్క పెట్రోలు కాల్చకుండా! ఆ తరవాత 1980ల మొదట్లో డోరిస్ గ్రోవ్ అనే ఆవిడ ఇక్కడి నుంచే వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు ఎగిరింది. ఆడవాళ్ళు కూడానా అని ఆశ్చర్యపోయే కాలం పోయిందనుకోండి. అయినా నాకు లోపల గర్వంగానే అనిపించింది.

మొదటి రోజు రాత్రి అన్నాలు తింటూ, "అసలు ఇంజను లేకుండా అది పడిపోదుటే?" అని అడిగాను.

"పడుతూనే ఉంటుంది పిన్నీ" అంది తాపీగా. "ఇంకో విమానం తాడు కట్టి పైకి లాక్కెళ్ళి వదిలేస్తుంది. అక్కడినుంచి మేం నెమ్మదిగా కిందికి జారుతూనే ఉంటాం. కాకపోతే, మేం జారే వేగం కన్నా గాలి పైకి లేచే వేగం ఎక్కువుంటే, అది మమ్మల్ని మోస్తుంది."

"గాలి పైకెందుకు లేస్తుంది?"

"వాగులో పెద్ద బండ ఉందనుకో. నీళ్ళు వచ్చి కొట్టుకోగానే ఏమవుతాయి? పైకి లేస్తాయి. బండ దాటాక? సుడులు తిరుగుతూ కిందికి పడతాయి. గాలీ నీళ్ళలాంటిదే. కాకపోతే కనబడదు. అంతే తేడా."

అంతే తేడా! కనబడకపోవటమే కదా అసలు తేడా అంతా, అనుకున్నాను.

ఆ మూడు రోజులూ దానికి బుద్ధి చెబుదామని కూర్చుని, నేనే పాఠాలు చెప్పించుకున్నాను. మీకూ చెబుతాను, వినండి. ఇవి గాలిలో ఎగిరేవాళ్ళకి మాత్రమే పనికొచ్చే సంగతులని నాకిప్పుడు అనిపించటం లేదు.

గాలి బాగా పైకి లేచేది గుట్టకి దగ్గరగా, దాని శిఖరం అంచున. అంటే మోసే చోటూ, ముంచే చోటూ ఒకటే. దూరంగా ఉంటే బలం లేదు, దగ్గరికి పోతే ప్రమాదం. అందుకని వీళ్ళకి కొన్ని నియమాలున్నాయి. గుట్ట దగ్గరికి ఎదురుగా దూసుకుపోకూడదు, ఏటవాలుగా వెళ్ళాలి, మనసు మారితే చటుక్కున తప్పుకోవటానికి వీలుగా. మలుపు తిరిగినప్పుడల్లా కొండకి బయటివైపుకే తిరగాలి గాని, కొండవైపుకి తిరగకూడదు. ఎందుకంటే తిరుగుతున్నంతసేపూ వెనకనుంచి గాలి కొండ మీదికి నెడుతూనే ఉంటుంది. ఎదురెదురుగా రెండు గ్లైడర్లు వస్తే, ఎవరికి కొండ కుడిచేతి వైపుందో వాళ్ళు తిన్నగా పోతారు, రెండోవాళ్ళు కొండకి దూరంగా తప్పుకుంటారు. కుడివైపుకి తప్పుకోవటం మామూలు పద్ధతి, కానీ కుడిపక్క కొండ ఉన్నవాడు ఎక్కడికి తప్పుకుంటాడు పాపం? చోటున్నవాళ్ళే చోటివ్వాలి. మన ఇళ్ళలో ఈ ఒక్క నియమం ఉంటే ఎన్ని గొడవలు తగ్గేవో!

గుట్టకి అవతలివైపు, అంటే గాలి మరుగున, తక్కువ ఎత్తులో పోనే కూడదు. అక్కడ గాలి సుడులు తిరుగుతూ కిందికి తొక్కేస్తుంది. ఎంత ఎత్తున ఉన్నా, దిగటానికి అందుబాటులో ఒక పొలమో మైదానమో ఎప్పుడూ కంటికి ఆనుతూ ఉండాలి.

అన్నిటి కన్నా నన్ను ఆశ్చర్యపరిచింది వేగం సంగతి. గాలి విసురుగా ఉన్న రోజున కొండ దగ్గర మామూలు కన్నా ఎక్కువ వేగంతో పోవాలిట. నిదానమే ప్రధానం అని పెరిగినదాన్ని కదా, నాకు తలకిందులుగా తోచింది. పిల్ల విడమరిచి చెప్పింది. రెక్క గాలిని కోసుకుంటూ తగినంత వేగంతో పోతేనే దానికి పట్టు. ఎదురుగా కొట్టే గాలి ఒక్కసారి తెగిపోయిందంటే రెక్కకి ఆ పట్టు పోతుంది, ముక్కు కిందికి వాలిపోతుంది. ఎత్తున ఉంటే ఫరవాలేదు. ముక్కు దించి మళ్ళీ వేగం పుంజుకుని తేరుకోవచ్చు. తేరుకోవటానికి మాత్రం కింద ఖాళీ ఉండాలి. కొండ పక్కన ఉండనిదే ఆ ఖాళీ. అందుకని ముందే కొంత వేగం అదనంగా దాచుకోవాలి.

"మన అమ్మమ్మ పోపుల డబ్బాలో దాచిన డబ్బులాగానా?" అన్నాను.

పిల్ల పకపకా నవ్వి, "అచ్చం అదే పిన్నీ!" అంది.

నిజమే. అమ్మమ్మని ఆ డబ్బు దేనికని అడిగితే చెప్పలేకపోయేది. దేనికో తెలిస్తే అది ఖర్చు కింద లెక్క. తెలియనిదానికోసం దాచేదే పోపుల డబ్బాలో డబ్బు.

ఇంక నా సంగతి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. మూడో రోజుకి నేను అక్క మాట పూర్తిగా మరిచిపోయాను. పిల్ల పరీక్ష ప్యాసై లైసెన్సు తెచ్చుకుంది, రెండు సీట్ల గ్లైడర్లో ఒకరిని కూర్చోబెట్టుకుని ఎగరవచ్చుట. "పిన్నీ, శనివారం నాతో వస్తావా?" అంది. నేను సరేననేశాను! అక్కకి మాత్రం ఫోనులో, "మాట్లాడుతున్నానే, మెల్లిగా దారికి తెస్తున్నా" అని చెప్పాను. చీరతో ఆ ఇరుకు సీట్లో కుదరదంటే, నలభై నాలుగేళ్ళ వయసులో దాని ప్యాంటు ఒకటి ఎరువు తీసుకుని తొడుక్కున్నాను.

శనివారం పొద్దున్నే వెళ్ళాం. పిల్ల స్నేహితులిద్దరు కెమెరాలతో సహా వచ్చారు, తెలుగు నవలా రచయిత్రి ఆకాశ విహారాన్ని ఫొటో తీయటానికి. గుట్ట నిండా ఆకులు ఎర్రగా, పసుపుగా పండి, పేరంటానికి ముస్తాబైనట్టుంది. ఆకాశం నీలంగా, కడిగినట్టు ఉంది. వాయవ్యం గాలే. కానీ మైదానం మధ్యన కర్రకి కట్టిన గుడ్డ గొట్టం ఒకటుంది, గాలి ఎటునుంచో, ఎంతో తెలియటానికి. అది ఒక నిమిషం కర్రలా బిగుసుకుని నిలబడుతుంది. మరు నిమిషం చేవ చచ్చి వేలాడుతుంది. మళ్ళీ ఫెళ్ళుమని లేస్తుంది.

పిల్ల దాన్నే చూస్తూ అరగంట గడ్డిలో కూర్చుంది. ఫోనులో వాతావరణం చూసింది. లేచి ఇన్‌స్ట్రక్టర్ దగ్గరికెళ్ళి ఏదో మాట్లాడింది. ఆయన భుజాలెగరేసి, "నేనైతే వెళ్ళగలను. నీ సంగతి నువ్వే చెప్పాలి" అన్నాడు. అది తిరిగి వచ్చి నా ఎదురుగా నిలబడి, "ఇవాళ వద్దు పిన్నీ" అంది.

అప్పుడు నా నోటినుంచి వచ్చిన మాట ఏమిటో తెలుసా?

"కాసేపు ఆగితే తగ్గదుటే? ఇంత దూరం వచ్చాం కదా!"

ఆ మాట అన్నది నేను! దాన్ని ఎగరకుండా ఆపటానికి సముద్రాలు దాటి వచ్చినదాన్ని. ఆ స్నేహితుల్లో ఒకడు గుట్ట మీదికి చెయ్యి చూపించి, "అదిగో, ఆయన వెళ్ళబోతున్నాడుగా" అన్నాడు. నిజంగానే ఒక తల నెరిసిన పెద్దమనిషి తన గ్లైడర్ని సిద్ధం చేసుకుంటున్నాడు. మా పిల్ల ఏమీ అనలేదు. వెళ్ళి ఆయన గ్లైడర్ రెక్క చివర పట్టుకుంది. బయలుదేరేటప్పుడు రెక్క నేలకి ఆనకుండా ఒకరు పట్టుకుని నాలుగు అడుగులు పరిగెత్తాలి. తను ఎగరనంటూనే ఎగిరేవాడి రెక్క పట్టుకుని పరిగెత్తింది. ఆయన రెండు గంటలు గుట్ట వెంట గద్దలా తిరిగి, క్షేమంగా దిగి, అద్భుతమైన రోజని అందరికీ చెప్పాడు.

కారులో తిరిగి వస్తుంటే నేను మాట్లాడలేదు. కోపమేం కాదు. అయినా మాట రాలేదు. అదే అంది, "ఆయనకి రెండు వేల గంటల అనుభవం పిన్నీ. నాకు నలభై. ఆయన ఒక్కడే వెళ్ళాడు. నాతో నువ్వున్నావు. ఆ గాలి ఆయనకి సరిపోయింది, నాకు ఎక్కువ. ఆయన చేసింది తప్పు కాదు. నేను చేసిందీ కాదు." కాసేపాగి, "నీకు నామోషీ అయింది కదూ, వాళ్ళందరి ముందు?" అంది.

ఆ మాటతో నాకు వాగు గుర్తొచ్చింది. బండరాయీ నీళ్ళూ అని అది మొదటి రోజు చెప్పినప్పుడే గుర్తు రావలసింది.

అది 1989, శ్రావణ మాసం. మా చిన్న మేనమామ పెళ్ళి. ఆడపెళ్ళివారిది జంగారెడ్డిగూడెం వైపు పల్లెటూరు. మగపెళ్ళివారంతా ముందు రోజే తరలి వెళ్ళారు. నాన్నకి ఆఫీసులో సెలవు దొరక్క మేం వెనకబడ్డాం. తెల్లవారుజామున ముహూర్తం. సాయంత్రం అద్దె అంబాసిడర్‌లో బయలుదేరాం, నాన్న, అమ్మ, పదమూడేళ్ళ అక్క, పదేళ్ళ నేను. అమ్మ పట్టుచీర కట్టుకుని, ఒళ్ళో పసుపు కుంకుమల పళ్ళెం పెట్టుకుని కూర్చుంది. మా ఇళ్ళలో మూడో ముడి ఆడపడుచు వెయ్యటం ఆనవాయితీ. అమ్మకి ఒక్కడే తమ్ముడు.

చీకటి పడ్డాక ఎర్రకాలువ దగ్గరికి వచ్చేసరికి చప్టా మీదనుంచి నీళ్ళు పారుతున్నాయి. నాన్న కారు దిగి, ప్యాంటు మడుచుకుని, టార్చి వేసి చూశారు. డ్రైవరు, "ఏం పర్లేదండీ, దాటించేస్తా" అన్నాడు. నాన్న ఇంకా చూస్తూనే ఉన్నారు. ఇంతలో వెనకనుంచి ఒక బస్సు వచ్చి, మా పక్కనుంచే నీళ్ళలోకి దిగి, మెల్లిగా అవతలి ఒడ్డుకి చేరింది. కిటికీలోంచి ఎవరో, "రండి రండి, ఏం లేదు!" అని కేక వేశారు కూడాను.

నాన్న కారెక్కి, "అంచు రాళ్ళు కనబడటం లేదు. వెనక్కి తిప్పు" అన్నారు.

అమ్మ ఒక్క మాట అనలేదు. ఏడుస్తూ కూర్చుంది. వెనక ఊళ్ళో తెలిసినవాళ్ళింట్లో ఆ రాత్రి పడుకున్నాం. మర్నాడు మధ్యాహ్నం నీళ్ళు తీశాక వెళితే, విస్తళ్ళు ఎత్తేస్తున్నారు. మూడో ముడి పినతల్లి కూతురెవరో వేసింది.

ఆ తరవాత నాన్నని మా వాళ్ళు వదిలిపెట్టలేదు. ఏ శుభకార్యంలో విస్తరి ముందు కూర్చున్నా ఎవరో ఒకరు, "బావగారికి గ్లాసులో నీళ్ళు సగమే పొయ్యండర్రోయ్, నిండా పోస్తే వెనక్కి తిరిగి వెళ్ళిపోతారు!" అనేవారు. పంక్తి పంక్తంతా నవ్వేది. నాన్న కూడా నవ్వేవారు. "ఆ రోజు కారు కొట్టుకుపోయి ఉంటే?" అని ఆయన ఒక్కసారైనా అని ఎరగరు. అని ఏం లాభం? కొట్టుకుపోలేదు కదా! బస్సు దాటిందాయె.

ఇదే నన్ను ఆ రాత్రి పెన్సిల్వేనియాలో నిద్రపోనివ్వని ప్రశ్న. సాహసం చేసి గెలిచినవాడికి గెలుపే సాక్ష్యం. సాహసం చేసి ఓడినవాడికి కనీసం జాలైనా దక్కుతుంది. చూసి, ఆలోచించి, వెనక్కి తిరిగినవాడికి ఏముంది? అతను తప్పించిన ప్రమాదం జరగనే లేదు. జరగనిదాన్ని ఎవరికి చూపిస్తాడు?

మనం ఫలితాన్ని బట్టి మనిషిని తూచుతాం. కారు దాటితే ధీరుడు. కొట్టుకుపోతే మూర్ఖుడు, పెళ్ళాం పిల్లల్ని చంపుకున్నవాడు. కానీ చప్టా ముందు నిలబడి నిర్ణయం తీసుకున్న క్షణంలో ఆ ఇద్దరూ ఒక్కరే కదా! ఆ క్షణంలో అతని చేతిలో ఉన్నదేమిటి? ఒక టార్చి, కనబడని అంచు రాళ్ళు, వెనక సీట్లో ముగ్గురు. దాన్ని బట్టే అతన్ని తూచాలి. బస్సు దాటింది నిజమే. కానీ బస్సు బరువు వేరు, ఎత్తు వేరు. రోజూ ఆ చప్టా దాటే డ్రైవరు వేరు. రెండడుగుల లోతు పారే నీళ్ళు చాలుట, మామూలు కారుని తేల్చి లాక్కుపోవటానికి. ఈ సంగతి నేను పెద్దయ్యాక చదివాను. చదివి కూడా నాన్నతో అనలేదు.

నిద్ర పట్టక పిల్ల బల్ల మీద ఉన్న పుస్తకం తిరగేశాను. అందులో ఒటో లిలియెంథాల్ అనే జర్మన్ ఇంజనీరు కథ ఉంది. 1891 నుంచి ఐదారేళ్ళలో, తనే తయారు చేసుకున్న రెక్కలతో కొండల మీదనుంచి సుమారు రెండు వేలసార్లు ఎగిరాడాయన. బెర్లిన్ దగ్గర తనకోసం ఒక మట్టి గుట్టనే కట్టించుకున్నాడు. 1896 ఆగస్టు 9న స్టోల్న్ అనే ఊరి పక్క కొండ మీద ఎగురుతుండగా, గాలి రెక్కలని ఒక్కసారిగా పైకెత్తింది, ముందుకు సాగే వేగం పోయింది. సుమారు యాభై అడుగుల ఎత్తునుంచి పడ్డాడు. మర్నాడు ప్రాణం పోయింది. భార్య, నలుగురు పిల్లలు. వయసు నలభై ఎనిమిది.

రెండు వేలసార్లు క్షేమంగా దిగినవాడు! ప్రతిసారీ దిగటం చూసి ఆయన భార్య కూడా, ఇంకేం భయం లేదని కాస్త కాస్తగా ధైర్యం తెచ్చుకుని ఉంటుందనిపించింది నాకు. ఏదైనా ప్రమాదకరమైన పని నాలుగుసార్లు సవ్యంగా జరిగిందంటే, అది మన నేర్పో, ఆ రోజు గాలి చూపిన దయో మనకి తెలియదు. వాపుని చూసి బలుపనుకోవటం ఇక్కడే మొదలవుతుంది.

అయితే ఇక్కడ నన్ను నేను నిలదీసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. అందరూ మా నాన్నలా వెనక్కి తిరిగితే మనుషులు ఎప్పటికైనా ఎగిరేవారా? లిలియెంథాల్ చనిపోయాడన్న వార్తే రైట్ సోదరుల మనసులో ఎగరాలన్న కోరికని మళ్ళీ రాజేసింది. వాళ్ళు 1900 నుంచి మూడేళ్ళ పాటు కిటీ హాక్ ఇసుక దిబ్బల దగ్గర గ్లైడర్లతో సాధన చేశారు. మొదట్లో మనిషి లేకుండా గాలిపటంలా తాడు కట్టి ఎగరేసి చూసేవారు. పడితే మెత్తటి ఇసుక మీద, అదీ తక్కువ ఎత్తునుంచి పడేలా చూసుకున్నారు. ఇంజను విమానంతో ప్రపంచ ప్రసిద్ధులైన తరవాత కూడా ఆర్విల్ రైట్ అక్కడికే తిరిగివచ్చి, 1911 అక్టోబరు 24న హోరుగాలిలో ఇంజను లేకుండా 9 నిమిషాల 45 సెకన్లు గాలిలో నిలిచాడు. వాళ్ళు భయపడనివాళ్ళు కారు, వెనక్కి తిరగనివాళ్ళూ కారు. వాళ్ళకి కొత్త సంగతి తెలుసుకోవాలన్న తపన ఉంది, దానికోసం కొలిచి, లెక్క వేసి, కొంత ప్రమాదాన్ని నెత్తికెత్తుకున్నారు.

మరి ఆ శనివారం నేను పిల్లని నెత్తికెత్తుకోమన్న ప్రమాదం దేనికోసం? ఒక ఫొటో కోసం. ఇంత దూరం వచ్చామన్న మాట కోసం. సూర్యుడి దాకా పోటీ పడి ఎగిరిన జటాయువు, సంపాతుల కథలో, తమ్ముడికి అడ్డుపడి రెక్కలు కాల్చుకున్న అన్నని మెచ్చుకుంటాం. అసలు ఆ పోటీ ఎందుకు పెట్టుకున్నారని ఎవరమూ అడగం. పోటీకి చూసేవాళ్ళుంటారు. చూసేవాళ్ళకి ఏ నష్టమూ లేదు. కొండ అంచున ఎగిరేవాళ్ళని గాలి ఒకవైపు నెడుతుంటే, కింద నిలబడిన మనం చూపులతో అదే వైపుకి నెడతాం. ప్రేమతోనే నెడతాం, అదే చిత్రం!

అలాగని మా అక్క సామెత నాకిప్పుడు నచ్చటం లేదు. బతికుంటే బలుసాకు తినొచ్చు అనుకునేవాడు అసలు కారే తియ్యడు. నాన్న తీశారు. చప్టా దాకా వెళ్ళారు. నీళ్ళలోకి దిగి చూశారు. వెనక్కి తిరగటం ఊరికే రాలేదు ఆయనకి. దాని ఖరీదు అమ్మ కట్టింది, మూడో ముడి రూపంలో. ఆ సంగతి ఆయనకి తెలుసు. ఆ రాత్రి నేను మంచినీళ్ళకి లేచి చూస్తే, నాన్న బయట అరుగు మీద ఒక్కరే కూర్చుని ఉన్నారు. "నిద్ర రాలేదా నాన్నా?" అంటే, "మీ మావయ్య పెళ్ళి మళ్ళీ జరగదు కదమ్మా" అన్నారు. అంతే. దాటినవాళ్ళెవరూ ఆ రాత్రి అలా మేలుకుని ఉండరు. మంచి నిర్ణయం చేసి కూడా మనిషి బాధపడవచ్చని నాకు ఆ వయసులో తెలియదు.

మర్నాడు పొద్దున అక్కే ఫోను చేసింది.

"ఎగిరిందా?"

"లేదే. గాలి బాగాలేదని మానేసింది."

"అమ్మయ్య! చెప్పావన్నమాట."

"నేను చెప్పలేదక్కా. నేను ఎగరమన్నాను. అదే వద్దంది." ఎలాగో ధైర్యం చేసి అంతా చెప్పేశాను, ప్యాంటు సంగతితో సహా. అక్క తిడుతుందనుకున్నాను. అవతలినుంచి చప్పుడు లేదు.

"అక్కా, ఎర్రకాలువ గుర్తుందా?" అన్నాను.

చాలాసేపటికి అంది, "సగం గ్లాసు నీళ్ళు. మనం కూడా నవ్వేవాళ్ళం కదే."

అవును. మేమూ నవ్వాం. ఆ కారులో వెనక సీట్లో కూర్చుని, ప్రాణాలతో ఇల్లు చేరిన ఇద్దరమూ, పంక్తిలో అందరితోపాటు నవ్వాం. నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది అప్పటికి.

అక్క పిల్లని గ్లైడర్ మానమని ఆ తరవాత అడగలేదు. భయం పోయిందని కాదు. ప్రతి శనివారం రాత్రీ ఇప్పటికీ మేలుకునే ఉంటుంది. కానీ ఫోను చేసినప్పుడు "ఎంతసేపు ఎగిరావు?" అని అడగటం మానేసి, "గాలి ఎలా ఉంది?" అని అడుగుతోంది. ఎగరలేదని చెబితే, "మంచిపని చేశావమ్మా" అంటోంది. ఆ ఒక్క మాట మా నాన్నతో ఎవరమూ అనలేదు. నేను ఇంతవరకూ గ్లైడర్ ఎక్కలేదు. ఆ శనివారం తరవాత రెండు రోజులకే నా తిరుగు ప్రయాణం.

మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు ఇలాంటివారు. నిశ్చయమైన సంబంధం ఆఖరి నిమిషంలో వద్దన్న అమ్మాయో, అందరూ పెట్టుబడి పెడుతుంటే చెయ్యి వెనక్కి తీసుకున్న భర్తో, వర్షం చూసి ప్రయాణం మానుకుని సంచీతో వెనక్కి వచ్చిన కొడుకో. వాళ్ళు చేసింది ఒప్పో కాదో ఎప్పటికీ రుజువు కాకపోవచ్చు. అలా గుమ్మంలోకి తిరిగి వచ్చినప్పుడు ఎందుకొచ్చావని అడగకండి. ముందు లోపలికి రమ్మని, గ్లాసు నిండా మంచినీళ్ళివ్వండి.